డస్ట్ బూట్ లేని నాలుగు పిస్టన్ల కాలిపర్: వానలు చూశాక

పిస్టన్లతో ప్యాడ్లను నెట్టి బ్రేక్ డిస్క్‌ను పట్టి ఆపేది కాలిపర్. ఈ కాలిపర్ మీద నా కోపమంతా ఒక్క రబ్బరు ముక్క గురించే. కారుతో వచ్చిన కాలిపర్‌లో పిస్టన్ మూతి చుట్టూ ముడతలు ముడతలుగా ఉండి దుమ్మును ఆపే తొడుగు, డస్ట్ బూట్. రేసుల కోసం పుట్టి తర్వాత రోడ్డు కార్లకు వచ్చిన, బయట విడిగా కొనుక్కునే కాలిపర్లలో చాలావాటికి అది ఉండదు. ట్రాక్ మీద పుట్టే వేడికి రబ్బరు మాడిపోతుంది కాబట్టి తీసేశామంటారు, అక్కడికి సబబే. వానల్లో బురద తొక్కుతూ రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది పెద్ద లోటు.

కారు మామూలు హ్యాచ్‌బ్యాక్, 15 అంగుళాల వీల్స్. ముందు 54 మి.మీ. సింగిల్ పిస్టన్‌తో జారే రకం కాలిపర్ ఉండేది. దాని స్థానంలో ఒక్కో పక్క రెండేసి 38 మి.మీ. పిస్టన్లున్న అల్యూమినియం కాలిపర్ వేశాను. నాలుగు పిస్టన్లు కాబట్టి నాలుగింతలు పట్టు అని అమ్మేవాళ్లు చెప్పే లెక్క తప్పు. లెక్కలోకి వచ్చేది ఒక పక్క పిస్టన్ల వైశాల్యమే. 54 మి.మీ. పిస్టన్‌ది సుమారు 2,290 చదరపు మి.మీ., రెండు 38 మి.మీ. పిస్టన్లది 2,268. అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసేది) మార్చక్కర్లేదు, ముందు వెనక బ్రేకుల పంపకమూ చెడదు. అదే కిట్‌లో 44.5 మి.మీ. పిస్టన్లు తీసుకుంటే వైశాల్యం 3,110 అవుతుంది, మూడో వంతుకు పైగా ఎక్కువ. అప్పుడు పెడల్ లోతుకు పోతుంది, బరువంతా ముందు బ్రేకుల మీదే పడి ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) త్వరగా లేస్తుంది.

వేసిన కొత్తలో అందరికీ చెప్పుకున్న గొప్ప పెడల్ గురించే. గట్టిగా, కాలికి తెలిసేలా ఉండేది. ఇప్పుడు నిదానంగా చూస్తే అందులో సగం మార్కులు కిట్‌తో వచ్చిన స్టీలు అల్లిక గొట్టాలకూ, కొత్త బ్రేక్ ఆయిల్‌కూ వెయ్యాలి. కారు ఆగే దూరం మాత్రం మారలేదు. పాత కాలిపర్ కూడా చక్రాన్ని లాక్ చేసి ఏబీఎస్‌ను లేపగలిగేది కాబట్టి ఆ పైన టైరు పట్టే మిగిలింది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు సన్నగిల్లడానికి కూడా ఎక్కువసార్లు కారణం ప్యాడ్లూ, నీరు పీల్చిన ఆయిలే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హామీ 155కి పడిపోతుంది. అనంతగిరి ఘాట్‌లో తేడా తెలిసిందంటే అది ఎక్కువగా ఆయిల్ మార్చినందుకే.

నిజంగా నచ్చింది ప్యాడ్లు మార్చే సౌకర్యం. పైన ఉన్న ఒక్క పిన్ను లాగితే ప్యాడ్లు పైకి వచ్చేస్తాయి, కాలిపర్ బోల్టులు ముట్టుకోనక్కర్లేదు. కానీ రోగం కూడా ఈ సౌకర్యం లోంచే వచ్చింది.

ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తుంది. బూట్ లేదు కనుక ఆ బయటి భాగం మీద ప్యాడ్ల పొడి, డిస్క్ నుంచి రాలే ఇనుప రజను, వాన నీరు కలిసి ఎండిన గోరింటాకులా అట్ట కడతాయి. అలా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ కనిపించదు. కొత్త ప్యాడ్లు వేద్దామని ఏ స్క్రూడ్రైవర్‌తోనో పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు ఆ అట్ట కాస్తా సీల్ (పిస్టన్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) లోకి పోతుంది. షెడ్డులో పని చకచకా అయిపోతుంది, సంతకం పెట్టి కారు తెచ్చుకుంటాం. జబ్బు ఆ తర్వాత వానాకాలంలో, కారు కొన్నాళ్లు కదలకుండా ఉన్నాక బయటపడుతుంది.

మొదటి లక్షణం ఎడమ వీల్ మీద పొడి ఎక్కువగా పేరుకోవడం. తర్వాత పెడల్ వదిలినా కారు కాస్త ఎడమకు లాగడం, ఆ చక్రం వేడెక్కడం. ప్యాడ్లు తీసి చూస్తే లోపలిది 7 మి.మీ. ఉంటే బయటిది ఒక కొసన 3, ఇంకో కొసన 6. ఒకే ప్యాడ్ ఇలా ఏటవాలుగా అరిగిందంటే దాని వెనకున్న రెండు పిస్టన్లలో ఒకటి సరిగా వెనక్కి రావడం లేదని అర్థం. అది ఏదో తేల్చడానికి ప్యాడ్ల బదులు పలచని చెక్క ముక్కలు పెట్టి, ఒకరు పెడల్ నెమ్మదిగా నొక్కుతుంటే ఇంకొకరు చూడాలి. మూడు కదిలాయి, ఒకటి మొరాయించింది. కదిలేవాటిని చెక్కతో ఆపి పెట్టి మళ్లీ నొక్కితే అదీ వచ్చింది. సీల్ అంచు చిరిగింది. సీల్ కూర్చునే గాడిలో తెల్లటి పొడి, అంటే అల్యూమినియం తుప్పు. ఆ తుప్పు వెనక నుంచి సీల్‌ను తోసి పిస్టన్‌ను బిగించేసింది. గాడిని ప్లాస్టిక్ పుల్లతో గీకాలి, ఇనుప మొన తగిలితే గీత పడి ఆయిల్ కారుతుంది. పెట్రోలు, కిరసనాయిలు దగ్గరికి రానివ్వకూడదు, సీల్ ఉబ్బిపోతుంది. కొత్త సీల్‌ను బ్రేక్ ఆయిల్‌లో తడిపి వేయాలి.

బూట్ లేని కాలిపర్‌కు ప్యాడ్లు మార్చే ప్రతిసారీ చేయాల్సింది ఇది. ముందు పిస్టన్లను ఇంకో 4 మి.మీ. బయటికి రప్పించాలి. సబ్బు నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్‌తో చుట్టూ, వెనక పక్కతో సహా కడిగి ఆరబెట్టాలి. వైరు బ్రష్ వద్దు. రబ్బరుకు పడే ఎర్ర గ్రీజు పలచగా రాసి, కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ కాస్త వదులు చేసి గొట్టం తగిలించి, నాలుగింటినీ సమానంగా వెనక్కి నొక్కాలి. వాన ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇదే పని. పది నిమిషాల ప్యాడ్ మార్పిడి అన్న గొప్ప ఇక్కడితో సరి, రెండు చక్రాలకూ ఒక పూట పడుతుంది.

చిన్న చిన్న విషయాలు: వీల్ బేరింగు వదులై ఆడుతుంటే మలుపు తిరిగాక మొదటి పెడల్ లోతుకు పోతుంది, డిస్క్ ఊగి పిస్టన్లను నెట్టేస్తుంది. జారే రకంలో ఈ బాధ తక్కువ. వీల్‌కూ కాలిపర్‌కూ మధ్య 3 మి.మీ. అన్నా ఖాళీ ఉండాలి, టైర్ల షాపులో రిమ్ లోపల అంటించే బ్యాలెన్సింగ్ సీసం ముక్కలనూ లెక్కేసుకుని. గాలి తీసే నిపుల్ పైకి లేకపోతే కుడి ఎడమలు తారుమారైనట్టే, ఎంత బ్లీడింగ్ చేసినా (ఆయిల్ లోంచి గాలి తీసినా) గాలి పోదు.

కారుతో వచ్చిన కాలిపర్ పతివ్రతేం కాదు. గైడ్ పిన్నుల్లో గ్రీజు ఎండితే కాలిపర్ జారడం మానేసి లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది. కానీ దానికి మందు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది: పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టడం. మామూలు గ్రీజు పెడితే పిన్ను బూట్లు ఉబ్బుతాయి. ఒక పిన్నుకు రబ్బరు తొడుగు ఉంటే ఆ పిన్నును అది వచ్చిన రంధ్రంలోనే పెట్టాలి.

ప్రస్తుతం ముందు చక్రాలకు పాత కాలిపర్లే, కొత్త సీల్స్, మంచి ప్యాడ్లు, అవే అల్లిక గొట్టాలతో ఉన్నాయి. కారు ఆరుబయట ఉంటుంది, సముద్రపు గాలి తగులుతుంది, అందుకే ఈ నిర్ణయం. కారును నీడపట్టున పెట్టుకుని, పని సొంతంగా చేసుకునేవారు, చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలోనో కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలోనో ట్రాక్ మీదికి వెళ్లేవారు నాతో ఏకీభవించకపోవచ్చు. మధ్యేమార్గం కావాలంటే అదే కంపెనీ పెద్ద ఇంజన్ మోడల్‌కు వేసే కాలిపర్, డిస్క్ ఉన్నాయి. నకిల్ (చక్రం, కాలిపర్ బిగించే ముక్క) మీద బోల్టుల దూరం కలుస్తుందో లేదో చూసుకోవాలి. అయినా బయట దొరికే కాలిపరే కొంటానంటే బూట్ ఉన్న రోడ్డు రకం అడగండి, దాంతోపాటు సీల్ సెట్లు రెండు ముందే తీసుకోండి. మరమ్మతు ఒక్క పూటే, కారు నిలిచిపోయింది విదేశం నుంచి సీల్ వచ్చేదాకా.