ఫిజీలో నాడి లేఓవర్ ప్యాకేజీకి డబ్బు కట్టకముందే ఇది చదవండి

అమెరికా నుంచి ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో ఫిజీ మీదుగా వెళ్తున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. లాస్ ఏంజెలెస్ లేదా శాన్ ఫ్రాన్సిస్కోలో రాత్రి విమానం ఎక్కితే తెల్లవారేసరికి ఫిజీలోని నాడిలో దిగుతారు. తరువాతి విమానం సాయంత్రానికైతే పగలంతా చేతిలో ఉంటుంది. ఆ పగటిని చూపించి మన వాట్సాప్ గ్రూపుల్లో కొందరు ‘లేఓవర్ ప్యాకేజీ’ (రెండు విమానాల మధ్య విరామంలో ఊరు చూపించే ఏర్పాటు) అమ్ముతున్నారు. మనవాళ్లే, మన భాషలోనే మాట్లాడతారు, పెద్దవాళ్లను జాగ్రత్తగా తిప్పుతామంటారు. మా అమ్మానాన్నలతో సిడ్నీకి వెళ్తూ మేము అలాంటిదే ఒకటి కొన్నాం. కట్టిన డబ్బుకు ఒక్క సేవ కూడా అందలేదు. తిరిగి అడిగితే, సమయానికి రాలేదన్న నింద మా మీదే వేశారు.

అసలు తప్పు తేదీలో ఉంది. శుక్రవారం రాత్రి పదకొండు గంటలకు లాస్ ఏంజెలెస్‌లో బయలుదేరిన విమానం సుమారు పదకొండు గంటలు ఎగిరి నాడిలో దిగేసరికి అక్కడ ఆదివారం తెల్లవారుజాము అవుతుంది. మధ్యలో, పడమరకు దాటగానే తేదీ ఒకరోజు ముందుకు జరిగే అంతర్జాతీయ దినరేఖ దాటుతాం కాబట్టి నేల మీద శనివారం అనేదే మన లెక్కలో ఉండదు. ఇది టికెట్ మీద స్పష్టంగా అచ్చయి ఉంటుంది. ఆ టికెట్ కాపీ అడిగి తీసుకుని మాకు ప్యాకేజీ అమ్మిన మనిషి కారు, పడవ, భోజనం అన్నీ శనివారానికి బుక్ చేశాడు. పసిఫిక్ దీవుల ప్రయాణాలు అమ్ముకుని బతికేవాళ్లకు తెలియాల్సిన మొట్టమొదటి విషయం ఇది. అది తెలియకపోతే ఆ వ్యాపారం చేయకూడదు.

బయటికి వస్తే మా పేరు రాసిన అట్ట పట్టుకుని ఎవరూ లేరు. అమ్మినాయనకు ఫోన్ చేశాం. కాలిఫోర్నియాలో అప్పటికి శనివారం ఉదయమే, అందుకే ఆయన ఎంతో ధీమాగా ‘ఈరోజు శనివారమే కదా, డ్రైవర్ దారిలో ఉంటాడు, కాస్త ఆగండి’ అన్నాడు. ఆగాం. తీరా వాకబు చేస్తే కారు ముందురోజే వచ్చి, చాలాసేపు చూసి వెళ్లిపోయిందట. అప్పుడు మాట మారింది. చెప్పిన రోజున ప్రయాణికులు రాలేదు కాబట్టి డబ్బు వాపసు రాదని రాతపూర్వకంగా మెసేజ్ పెట్టాడు. శనివారం ఉదయం మేము అక్కడ ఉండాలంటే గురువారం రాత్రే విమానం ఎక్కి ఉండాలి. మా టికెట్ శుక్రవారానిదని ఆయన ఫోనులోనే ఉంది.

తేదీ సరిగ్గా ఉన్నా ఆ ప్యాకేజీ జరిగేది కాదు. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇలాంటి కరపత్రాలే ఇంకా తిరుగుతున్నాయి. సబేటో వేడినీటి బుగ్గలు, దీవికి పడవ ప్రయాణం, ఆలయం, మార్కెట్, చివర్లో ‘సువా నగర దర్శనం’ అని రాశారు. రాజధాని సువా, నాడి ఉన్న దీవికి రెండో కొసన ఉంది. రోడ్డు మీద దాదాపు 190 కిలోమీటర్లు, వెళ్లడానికే నాలుగు గంటల వరకు పడుతుంది. పోయి రావడానికే పగలు చాలదు. మ్యాపు ఒక్కసారి తెరిచి చూసినవారెవరూ ఆ మాట రాయరు. మార్కెట్ సంగతీ అంతే. ఫిజీలో ఆదివారం చర్చికి వెళ్లే రోజు, మార్కెట్, చాలా దుకాణాలు మూసే ఉంటాయి.

గంటల లెక్కలోనూ మోసం ఉంది. పదకొండు గంటల లేఓవర్ అంటే పదకొండు గంటల షికారు కాదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, ఆ తరువాత బయోసెక్యూరిటీ తనిఖీ (తిండి, మొక్కల పదార్థాలు తెస్తున్నామేమో చూడటం), అన్నీ కలిపి గంట నుంచి గంటన్నర పోతుంది. తిరిగి విమానానికి మూడు గంటల ముందు చేరాలి. మిగిలేది ఆరున్నర నుంచి ఏడు గంటలు. బయోసెక్యూరిటీ దగ్గర మన ఇళ్ల సామాను మీద ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. పండ్లు, విత్తనాలు, తేనె, నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు ఏవి ఉన్నా ఫారంలో తప్పకుండా రాయండి. దాచిపెడితే జరిమానా వేస్తారు. ప్యాకేజీ అమ్మినవాళ్లు ఈ విషయం ఒక్క మాట కూడా చెప్పలేదు, పైగా ‘మధ్యాహ్నం భోజనంలోకి ఇంటి పచ్చడి తెచ్చుకోండి’ అన్నారు.

ఇదంతా చదివి నాడిలో బయటికి వెళ్లడం మానుకోవద్దు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ముందస్తు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, ముందుకు వెళ్లే టికెట్, ఆ తరువాతి దేశపు వీసా దగ్గర ఉంటే చాలు. చూడదగ్గవన్నీ విమానాశ్రయానికి దగ్గరలోనే ఉన్నాయి, ఏ ఒక్కదానికీ ముందుగా డబ్బు కట్టాల్సిన పని లేదు. చెయ్యి బరువు తగ్గించుకోవాలంటే విమానాశ్రయంలోనే రుసుము తీసుకుని సామాను భద్రపరుస్తారు. ఆగమనాల హాల్లోనే ఏటీఎం ఉంది. బయట పసుపురంగు టాక్సీలు వరుసలో ఉంటాయి. మీటరు వేయమనండి, సగం రోజుకు మాట్లాడుకునేట్టయితే మొత్తం ఎంతో ఎక్కేముందే తేల్చుకోండి. బస్సు చవకే కానీ అందులో డబ్బు ఎలా కట్టాలో ముందు కనుక్కోవాలి. కొన్ని గంటల కోసం ఆ శ్రమ అనవసరం.

మేము అలాగే టాక్సీ మాట్లాడుకుని పట్టణం చివరన ఉన్న శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి ఆలయానికి వెళ్లాం. రంగురంగుల గోపురం, ద్రావిడ శైలి, 1994లో కుంభాభిషేకం జరిగిన గుడి. లోపల ఫొటోలు తీయనివ్వరు. పొట్టి నిక్కర్లతో వచ్చినవారు నడుముకు వస్త్రం చుట్టుకోవాలి. అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది, మేమూ తొందరపెట్టలేదు. చెరకు తోటల్లో పనికి భారతదేశం నుంచి ఒప్పంద కూలీలుగా మనుషులను తెచ్చిన మొదటి నౌక లియోనిడాస్ 1879లో ఫిజీ చేరింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కించుకొచ్చినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వారి పిల్లలు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకుని ఆ దీవుల్లో మన భాషను నిలబెట్టడానికి పాటుపడ్డారు. నాడి దాకా వెళ్లిన తెలుగువారు గంటసేపైనా ఆ నేల మీద గడపాలని నా గట్టి కోరిక. దాన్ని అడ్డుపెట్టుకుని మనవాళ్ల దగ్గరే డబ్బు గుంజుతున్నారన్నదే నా బాధ.

మిగతావి చప్పున చెబుతాను. విమానాశ్రయానికి ఉత్తరాన కొండ కింద స్లీపింగ్ జైంట్ తోటలో ఆర్కిడ్ పూలు ఉన్నాయి, పెద్దవాళ్లూ నెమ్మదిగా నడవగలరు. సబేటో బురద స్నానం ఆ దారిలోనే. వైలోఅలోఅ తీరం బాగా దగ్గర. దీవి చూడాలనుకుంటే పోర్ట్ డెనరావు రేవు నుంచి పడవలు మమనూద దీవులకు వెళ్తాయి, అన్నిటికన్నా దగ్గరైన సౌత్ సీ ఐలాండ్ అరగంట ప్రయాణం. తిరుగు పడవ ఎన్నింటికో చూసుకుని, దానికీ మీ విమానానికీ మధ్య కనీసం ఐదు గంటలు ఉంటేనే ఎక్కండి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం, పడవలు రద్దు కావచ్చు. ఆ నెలల్లో దీవి టికెట్ ముందే కొనడం మరీ ప్రమాదం.

పట్టణంలోని పెద్ద వీధిలో మరో సంగతి. నవ్వుతూ పలకరించి పేరు అడిగి, మాటల్లో ఉండగానే చెక్క కత్తి మీద ఆ పేరు చెక్కి, డబ్బు ఇమ్మని పట్టుబట్టేవారు ఉంటారు. పేరు చెప్పకండి. కావా పానీయం రుచి చూడమని దుకాణం లోపలికి పిలిచినా, కొనే ఉద్దేశం లేకపోతే మర్యాదగా కాదని ముందుకు సాగండి. వీధిలో ఎదురయ్యే మిగతా జనం ఎంతో మంచివాళ్లు, దారి అడిగితే తోడు వచ్చి చూపించారు.

ఆ రోజు టాక్సీకి, తోటకు, భోజనానికి కలిపి అయిన ఖర్చు ప్యాకేజీకి కట్టినదానిలో ఐదో వంతు కూడా లేదు.

ఇప్పటికే ఇలాంటిది కొని ఉంటే ఈ పనులు వెంటనే చేయండి. రసీదు మీద ఉన్న తేదీని మీ టికెట్‌లో నాడి చేరే తేదీతో పోల్చండి. బుకింగ్ నంబరు అడిగి, నేరుగా పడవ సంస్థకే రాసి నిర్ధారించుకోండి. నంబరు ఇవ్వకపోతే రద్దు చేయమనండి. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) ద్వారా కడితే తగ్గింపు ఇస్తామని మాకు చెప్పారు, మీకూ చెబుతారు. అలా మీరే పంపిన డబ్బును బ్యాంకు వెనక్కి తెప్పించడం చాలా కష్టం. క్రెడిట్ కార్డుతో కట్టినవారికి అమెరికా చట్టం ప్రకారం, ఆ ఖర్చు చూపిన మొదటి బిల్లు పంపిన 60 రోజుల లోపు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపే హక్కు ఉంది. మా టికెట్, రసీదు, ‘ఈరోజు శనివారమే కదా’ అన్న సంభాషణ తరువాత ఆయన పెట్టిన మెసేజ్, మూడూ జతచేసి మేము కార్డు సంస్థకు పంపాం. మీ దగ్గరా ఇలాంటి రసీదులు ఉంటే సంభాషణలు చెరిపేయకండి, అరవై రోజులు దాటనివ్వకండి.