పీసీఓఎస్ ఉన్నవాళ్లకి ఓవ్యులేషన్ కిట్ పనికొస్తుందా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మెడికల్ షాపులో కొన్న ఓవ్యులేషన్ కిట్ (పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లు అండం విడుదలయ్యే రోజు తెలుసుకోవడానికి వాడే యూరిన్ స్ట్రిప్‌లు) గురించి రాస్తున్నాను. బ్రాండ్ పేరు రాయను, ఈ రకం స్ట్రిప్‌లన్నీ పనిచేసే తీరు ఒకటే. నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లకి మంచి వస్తువే. నాలాగా పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం విడుదల, నెలసరి గాడి తప్పే సమస్య) ఉన్నవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అండం విడుదలకి 24 నుంచి 36 గంటల ముందు ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. స్ట్రిప్ యూరిన్‌లో దాన్నే పట్టుకుంటుంది. స్ట్రిప్ పనిచేస్తోందని చూపేది కంట్రోల్ గీత; రెండో గీత దానంత ముదురుగా వస్తే పాజిటివ్. పీసీఓఎస్ ఉన్న చాలామందికి ఈ హార్మోన్ మామూలు రోజుల్లోనే ఎక్కువ. అందుకే నాకు వరసగా గీత ముదురుగానే వచ్చేది, అసలు రోజేదో తేలేది కాదు. పైగా నాకు నెలసరి రెండేసి నెలలకి గానీ రాదు, ఒక్క డబ్బా ఏ మూలకి? గీత చూసి ఆశ పెట్టుకున్న వారంలోనే పక్కింటి పిన్నిగారు "ఏటమ్మా, విశేషమేమైనా ఉందా?" అంటే గుండె కలుక్కుమనేది.

పీసీఓఎస్ ఉంటే ఫలితం తప్పు రావచ్చని లోపలి కాగితంలో ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. అది డబ్బా మీదే, తెలుగులో ఉండాలి.

మా గైనకాలజిస్ట్ మేడమ్ స్ట్రిప్స్ మాన్పించారు. ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), షుగర్ పరీక్షలు, మా ఆయనకి వీర్య పరీక్ష రాశారు. ఆ చివరిదానికి మా అత్తయ్యగారు ముఖం ముడుచుకున్నారు. మా ఆయన మాత్రం మారు మాట్లాడకుండా వెళ్లి చేయించుకున్నారు. మగవాళ్లందరూ అలా ముందుకొస్తే ఆడవాళ్లకి సగం బరువు తగ్గుతుంది.

తర్వాత నెలసరి మూడో రోజు నుంచి 5 రోజులు లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, ఆపైన ఫాలిక్యులర్ స్కాన్, అంటే అండం పెరిగే సంచి (ఫాలికల్) ఎంత ఎదిగిందో చూసే స్కాన్. పీసీఓఎస్‌లో అండం విడుదల కావడానికి 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు ముందు వాడమన్న మందు ఇదే. అలాగని డాక్టర్ రాయకుండా కొనుక్కుని మింగొద్దు. ఫాలికల్ 18 మిల్లీమీటర్లు దాటిందని మేడమ్ తెర మీద చూపిస్తే నాకు ఏడుపొచ్చేసింది. ఇంకా గర్భం నిలవలేదు, చికిత్స నడుస్తోంది. కానీ ఇప్పుడు ఏ రోజు ఏమవుతోందో తెలుస్తోంది.

కిట్‌కి 5కి 2 ఇస్తున్నాను. ఆ రెండూ మా చెల్లి తరఫున: దానికి నెలసరి తేదీ తప్పదు, ఇదే కిట్ చక్కగా పనిచేసింది.