నానో లైపోసోమ్ జెల్ కొనేవాళ్లూ, జాగ్రత్త

మోకాళ్ల నొప్పికని ‘నానో లైపోసోమల్’ అని పెద్ద అక్షరాలతో రాసున్న డైక్లోఫెనాక్ జెల్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు ఇక్కడ చెప్పడం లేదు. కానీ ఇలాంటివి కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

ట్యూబు నొక్కగానే ముందు పసుప్పచ్చటి నీళ్లు కారాయి. ఆ తర్వాత పలుకులు పలుకులుగా ముద్ద వచ్చింది. నిల్వ నూనె కంపు. రాసిన చోట భగ్గున మండి చర్మం ఎర్రబడింది. అమ్మినవాళ్లను అడిగితే ‘బాగా ఊపి వాడండి, ఏం కాదు’ అన్నారు.

ఊపితే బాగయ్యే సరుకు కాదది! లైపోసోమ్ అంటే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థపు పొరతో కట్టిన అతి చిన్న తిత్తి. మందు దాని లోపలో, ఆ పొరలోనో ఉంటుంది. వేడి ఎక్కువైతే తిత్తులు ఒకదానితో ఒకటి కలిసిపోయి మందు బయటికి వచ్చేస్తుంది. గడ్డకట్టినా పగులుతాయి. గాలి తగిలి ఫాస్ఫోలిపిడ్లు ఆక్సీకరణ చెందితే అలాంటి కంపే కొడతాయి. చేత్తో ఊపినంత మాత్రాన తిత్తులు మళ్లీ కట్టుకోవు, మందు మళ్లీ లోపలికి పోదు.

ఈ శాస్త్రం బూటకమని నేననడం లేదు. మామూలు లైపోసోమ్‌లు చాలావరకు చర్మం పైపొరల్లోనే ఆగిపోతాయి. అందుకే 1990లలో శాస్త్రవేత్తలు గ్రెగోర్ సెవ్స్ సాగే గుణమున్న ట్రాన్స్‌ఫెరోసోమ్‌లనే తిత్తులు, ఎల్కా టూయిటూ ఆల్కహాల్ కలిపిన ఎథోసోమ్‌లనే తిత్తులు తెచ్చారు. ఎథోసోమ్‌లలో సాధారణంగా 20 నుంచి 45 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, సున్నితమైన చర్మానికి మంట పుట్టించగలదు. నాకొచ్చిన ట్యూబు మీద అది ఏ రకమో లేదు, ఆల్కహాల్ ఎంతో లేదు, మందు ఎంత శాతమో కూడా లేదు. ఎంత వేడిలో దాచాలో అసలే లేదు. ఈ నాలుగూ రాసి లేని సరుకు కొనకండి.

అంతకన్నా భయపెట్టింది ఇంకోటి. అదే అమ్మకందారు ‘సూది అక్కర్లేని ఇన్సులిన్ నానో క్రీమ్’ కూడా అమ్ముతున్నాడు. సుమారు 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలత) దాటిన అణువు మామూలుగా చర్మం దాటడమే కష్టం. ఇన్సులిన్ దాదాపు 5,800. పరిశోధనలు జరుగుతున్న మాట నిజమే, కానీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లెవరూ దీన్ని నమ్మి ఇంజెక్షన్ ఆపకూడదు. దయచేసి వాళ్లకు చెప్పండి.

డబ్బు వాపసు అడిగితే, మూత తీసిన సరుకు వెనక్కి తీసుకోం అంటున్నారు. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ విప్పి ట్యూబు నొక్కేదాకా మొత్తం వీడియో తీసి ఉంచుకోండి, బ్యాచ్ నంబర్ కనబడేలా.