అమ్మే భయమైనప్పుడు: ‘బాబడూక్’ మేలా, ‘హెరెడిటరీ’ మేలా?

కన్నతల్లి దగ్గరే పిల్లలకు రక్షణ లేకపోతే ఎలా ఉంటుందన్న ఊహ మీద వచ్చిన హారర్ సినిమాల్లో తరచూ వినిపించే పేర్లు రెండు: ‘ది బాబడూక్’ (2014), ‘హెరెడిటరీ’ (2018). రెండూ దర్శకులకు తొలి సినిమాలే. ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ కెంట్ తీసినది గంటన్నర. అమెరికాలో ఆరీ ఆస్టర్ తీసినది రెండు గంటల పైమాట. ఏది చూడాలో చెప్పాలంటే కథలోని మలుపులు కొన్ని బయటపెట్టక తప్పదు.

‘బాబడూక్’లో అమీలియాను కాన్పుకు తీసుకెళ్తూ భర్త కారు ప్రమాదంలో పోయాడు. అదే రోజు శామ్యూల్ పుట్టాడు. ఏడేళ్లు నిండబోతున్నా వాడి పుట్టినరోజు ఆ తేదీన చేసిందే లేదు. వాడు నిద్రపోడు, తల్లిని పోనివ్వడు. బడివాళ్లు భరించలేరు, ఆమె తోబుట్టువే మొహం చాటేస్తుంది. ఇంట్లోకి ఎలా వచ్చిందో తెలియని, బాబడూక్ అనే భూతం కథ ఉన్న బొమ్మల పుస్తకం ఒకటి, చించి పారేసినా అతుక్కుని గుమ్మం ముందుకొస్తుంది. పుస్తకం కంటే నన్ను భయపెట్టింది అమీలియాగా వేసిన ఎసీ డేవిస్ మొహం. నిద్రలేమి, పంటి నొప్పి, వృద్ధాశ్రమంలో ఉద్యోగం, ఎవరికీ చెప్పుకోలేని కసి అన్నీ ఆ మొహంలోనే కనిపిస్తాయి. కొడుకు మీద ప్రేమా నిజమే, వాడు లేకపోతే బాగుండేదన్న ఊహా నిజమే.

ఆమె కొడుకుని నోటికొచ్చినట్టు తిట్టే షాట్లలో ఎదురుగా శామ్యూల్‌గా వేసిన ఆరేళ్ల నోవా వైజ్‌మన్ లేడు. ఓ పెద్దమనిషిని మోకాళ్ల మీద నిలబెట్టి తీశారు. ఆ జాగ్రత్త తెర మీదా తెలుస్తుంది. మనల్ని బెదరగొట్టడానికి పిల్లాణ్ణి వాడుకున్నట్టు ఎక్కడా అనిపించదు.

‘హెరెడిటరీ’లో యానీ చిన్నచిన్న బొమ్మ గదులు చేసే కళాకారిణి. మొదట్లోనే కెమెరా ఒక బొమ్మ గదిలోకి వెళ్తుంది; చూస్తుండగానే అది కొడుకు పీటర్ నిద్రపోతున్న నిజం గది అయిపోతుంది. వీళ్లను ఎవరో ఆడిస్తున్నారని దర్శకుడు అప్పుడే చెప్పేశాడు. మనకే తర్వాత అర్థమవుతుంది. ఈ తరహా కలవరపెట్టే వింతలో ‘బాబడూక్’ దీనికి సాటి రాదు. యానీ ఒకప్పుడు నిద్రలో నడుస్తూ పిల్లల మీదా తన మీదా పెయింట్ థిన్నర్ పోసుకుంది. ఓ పీడకలలో, తను తల్లి కావాలనుకోలేదని పీటర్‌తో అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. భోజనాల బల్ల దగ్గర తల్లీకొడుకుల గొడవైతే ఏ దయ్యమూ లేకుండానే చెమటలు పట్టిస్తుంది. యానీగా టోనీ కొలెట్ నటనకు ఆస్కార్ నామినేషన్ రాకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.

చిన్ననాటి గాయం విషయంలోనూ దీని లోతు ఎక్కువ. అమ్మమ్మ, అమ్మ, పిల్లలు మూడు తరాల వరుస ఉంది. యానీ కూడా ఒకప్పుడు అలాంటి తల్లి చేతిలో నలిగిన కూతురే.

నా పేచీ చివరి అరగంటతో. అంతా అమ్మమ్మ, ఆమె క్షుద్రపూజల బృందం, పైమన్ అనే భూతం కలిసి పన్నిన పథకమని తేలాక యానీ చేసినవాటికి యానీ బాధ్యత ఏముంది? వంశంలో వచ్చినది తప్పించుకోలేం, ‘హెరెడిటరీ’ అన్న పేరుకు అర్థమే వంశపారంపర్యం కదా అని వాదించేవాళ్లున్నారు. వాదన బలమైనదే. కానీ అప్పటిదాకా నన్ను కదిలించింది తల్లి మనసులోని ముడి. దాన్ని విప్పకుండా భూతానికి అప్పజెప్పారు. కెంట్ ఆ పని చేయలేదు. అమీలియా బాబడూక్‌ను చంపదు, నేలమాళిగలో ఉంచి రోజూ వానపాములు పెడుతుంది. బాధ్యత ఆమెదే.

అందుకే తల్లితనం గురించిన సినిమాగా నా ఓటు ‘బాబడూక్’కే. భయానికి, దర్శకత్వ పనితనానికి ‘హెరెడిటరీ’. రెండూ చూసేసినవాళ్లకు మెక్సికో సినిమా ‘ఉఎసేరా’ (2022) ఉంది. కడుపుతో ఉన్న యువతికి ఎముకలు విరుగుతున్న చప్పుళ్లు వినిపిస్తుంటాయి; తల్లి కావాలనుందా లేదా అన్న ప్రశ్నను అది ఈ రెండిటికంటే సూటిగా అడుగుతుంది.

ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ‘హెరెడిటరీ’ జోలికి ఇప్పుడే వెళ్లకపోవడం మంచిది. అందులో ఒక పిల్ల చావు, ఆ తర్వాత తల్లి ఏడుపు చాలాసేపు వెంటాడతాయి. కుక్కలంటే ప్రాణమయినవాళ్లకు ‘బాబడూక్’లోనూ ఒకచోట కళ్లు మూసుకోవాల్సి వస్తుంది.