మూసీ లేని నదుల మ్యాపు

పోయిన నెల కోఠిలో పుస్తకాల షాపులున్న సందులో గోడకి తగిలించే నదుల మ్యాపు ఒకటి కొన్నాను. 'ద్వీపకల్ప నదులు' అని పైన పెద్దక్షరాలు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, లామినేషన్, పైనా కిందా ప్లాస్టిక్ కర్రలు. షాపతను నాలుగొందల యాభై అన్నాడు. "ట్యూషన్ పిల్లలకి తమ్ముడూ" అంటే మూడొందల ఎనభైకి దిగాడు. మూసారాంబాగ్‌లో మా ముందు గదిలో తొమ్మిది మంది పిల్లలకి చెబుతాను, వాళ్ళ కోసమే.

డబ్బులు గిట్టుబాటయింది రంగుల దగ్గర. పడమటి కనుమలు ముదురు గోధుమ రంగులో ఉంటే, తూర్పుకి వచ్చేకొద్దీ లేత పసుపు, గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆకుపచ్చ. 'దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉంది' అని ఏళ్ళ తరబడి వల్లె వేయించాను కానీ, ఆ వాలు కంటికి కనిపించడం ఇదే మొదటిసారి. స్కేలు ఒక సెంటీమీటరుకి ఇరవై కిలోమీటర్లు. గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వర్ నుంచి అరేబియా సముద్రానికి కొలిస్తే నాలుగే సెంటీమీటర్లు. మహాబలేశ్వర్‌లో పుట్టే కృష్ణకి మూడు దాటి కాస్త. "అంత దగ్గర సముద్రం పెట్టుకుని ఇటెందుకొచ్చింది టీచర్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కవాడు గోధుమ రంగు మీద వేలు పెట్టి "గోడ అడ్డముంది కదా" అన్నాడు. అప్పుడు నర్మద, తాపీ చూపించాను. అవి వాలుని పట్టించుకోకుండా, వింధ్య, సాత్పురాల దగ్గర భూమి కుంగిన లోయలు పట్టుకుని పడమరకి పోతాయి.

ఇంకో రోజు గోదావరి గీత మీద దారం పరిచి కొలిచారు. అరవై సెంటీమీటర్లు, అంటే 1200 కిలోమీటర్లు. మ్యాపులో మూలనున్న పట్టికలో 1465 అని ఉంది. మ్యాపు తప్పు అని గోల. తప్పు కాదు, చిన్నచిన్న వంకరలన్నీ ఇంత మ్యాపులో పట్టవు. ఆ ఒక్క గొడవతో గంట గడిచిపోయింది, లెక్కల క్లాసు ఎగిరిపోయింది.

ఇక లోపాలు. ట్యూబ్‌లైట్ వేస్తే లామినేషన్ మెరిసి కావేరి నుంచి కిందికి ఏమీ కనపడదు. పేర్లు ఇంగ్లీషు నుంచి ఎత్తి రాశారు, మన పెన్నా కాస్తా 'పెన్నార్' అయింది. పైగా దాన్ని గోదావరంత లావుగా గీశారు. ఇవన్నీ వాన మీద బతికే నదులు, గంగలాగా వీటి వెనక మంచుకొండలు లేవు. పెన్నాలో ఎండాకాలం ఎంత ఇసుక కనపడుతుందో నెల్లూరు వాళ్ళనడగండి.

వీటన్నిటికీ సర్దుకుపోవచ్చు. మూసీ లేదు! భీమ ఉంది, ఘటప్రభ ఉంది, మలప్రభ ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, ఊరి మధ్య నుంచి పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది మాత్రం లేదు. 1908లో ఊరిని ముంచి, గండిపేట, హిమాయత్ సాగర్ కట్టించుకున్న నది. వాసన కొట్టినా మాది. హైదరాబాద్‌లో అమ్మే మ్యాపులో దాన్ని వదిలేస్తారా? షాపుకి వెళ్ళి అడిగితే "పైనుంచి అట్లనే వచ్చిందక్కా" అన్నాడు.

పిల్లలే నీలం స్కెచ్ పెన్నుతో గీశారు. సాయంత్రానికి ఎవరి మోచెయ్యో తగిలి సగం చెరిగిపోయింది. మళ్ళీ గీశారు, మళ్ళీ చెరిగింది. ఆ పక్కనే మన నల్లాలకి నీళ్ళొచ్చే దారులు కూడా గీయించాలని ఉంది: నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి, సింగూరు నుంచి మంజీర. మంజీర గీత ఇందులో సరిగ్గానే ఉంది, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేదాకా.

అయిదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్ళు ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా కాకుండా పక్క గోడకి మేకు కొట్టుకోండి. అదే సందులో నీలం రంగు పర్మనెంట్ మార్కర్ కూడా తెచ్చుకోండి, నాకు ముప్పై రూపాయలు పడింది.