నాణేలకు ఆల్బమ్ మేలా, క్యాప్సూల్ మేలా? సిక్కోలు ఉప్పుగాలిలో ఏది నిలుస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా నాణేలు పోగుచేయడం మొదలెట్టినవాళ్లు ముందు కొనేది ఆల్బమ్. ఫ్యాన్సీ షాపులోనో ఆన్‌లైన్లోనో చవగ్గా దొరుకుతుంది, పేజీ తిప్పితే నాణేలన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఇంటికొచ్చినవాళ్లకి చూపించుకోవడానికీ బాగుంటుంది. నన్నడిగితే మాత్రం ముందుగా ఇంట్లోంచి పంపేయాల్సింది అదే. అన్ని ఆల్బమ్‌లూ కాదు. మెత్తగా, జారుడుగా, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే పేజీలున్నవి.

ఆ మెత్తని ప్లాస్టిక్ పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టిది. వంగడం కోసం అందులో ప్లాస్టిసైజర్లు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పైకి చెమర్చి నాణేనికి అంటుకుంటాయి. మరోపక్క వేడికి పీవీసీ విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. దానికి తేమ తోడైతే రాగిని తినడం మొదలెడుతుంది. వేడీ తేమా మన దగ్గర దేనికీ కొదవ లేదు. మే నెలలో రేకుల కప్పు కింద అటక ఎలా ఉంటుందో తెలిసిందే. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపైతే గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. చల్లటి పొడి దేశంలో చాలా ఏళ్లకి కనిపించే నష్టం ఇక్కడ అంతకంటే ముందే బయటపడుతుంది.

ఎలా కనిపెట్టాలి? 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకానీ ఒకటి ఆల్బమ్ జేబులోంచి తీసి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. కిరీటం గీతల సందుల్లో, చిల్లు అంచు చుట్టూ ఆకుపచ్చ మరక ఉంటే పంటిపుల్ల కొసతో మెల్లగా తాకండి. జిగటగా సాగితే అది పీవీసీ పని. లేతాకుపచ్చ పొడిలా రాలితే కథ వేరు. అది రాగిలో చేరిన క్లోరైడు తేమతో కలిసి లోహాన్ని లోపల్నుంచి తినేస్తున్న గుర్తు. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి విడదీసి, బాగా పొడిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. నాణేన్ని మూసి ఉంచే గట్టి ప్లాస్టిక్ డబ్బీ, అదే క్యాప్సూల్, ఎంత ఖరీదైనదైనా దానికి మందు కాదు.

జిగట పచ్చకి మాత్రం మందుంది: స్వచ్ఛమైన అసిటోన్. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో నూనెలూ సెంట్లూ ఉంటాయి. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా ఉండి నాణేన్ని ముంచాలి, రుద్దకూడదు. అప్పటికే గుంటలు పడిపోతే అవి పూడవు.

ఆల్బమ్ పేజీ పీవీసీ అవునో కాదో తేల్చుకోవడానికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. రాగి తీగ కొసని మంటలో ఎర్రగా కాల్చి, పేజీ మూలకి ఆనించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉన్నట్టే. ఇది పెరట్లో చేయండి, ఆ పొగ పీల్చకండి. నీళ్లలో వేసి చూడటం సగం పరీక్షే. పాలిథీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పీవీసీ మునుగుతుంది. కానీ ఏ హానీ చేయని పాలిస్టర్ కూడా మునుగుతుంది. కాబట్టి తేలిందంటే పీవీసీ కాదనుకోవచ్చు గానీ, మునిగినంత మాత్రాన నింద వేయలేం.

ఆల్బమ్ వదిలేస్తే మిగిలేవి ప్రధానంగా రెండు: అట్ట హోల్డర్, గట్టి క్యాప్సూల్.

అట్ట హోల్డర్ అంటే రెండంగుళాల చదరపు అట్ట, మధ్యలో మైలార్ కిటికీ. మైలార్ అంటే పాలిస్టర్ ఫిల్మే. మడిస్తే కరకరమంటుంది, పీవీసీలా మెత్తగా ఉండదు, నాణేన్ని ఏమీ చేయదు. పెన్సిల్‌తో అట్ట మీదే సంవత్సరం, టంకశాల రాసుకోవచ్చు. ధర కూడా క్యాప్సూల్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. నా ఓటు దీనికే. ఇబ్బందల్లా దాన్ని మూయడానికి కొట్టే పిన్నులతో. మామూలు స్టేప్లర్ పిన్ను మన గాలికి తుప్పు పడుతుంది, దాని కాళ్లు వెనక పొడుచుకొచ్చి పక్క హోల్డర్ కిటికీని గీస్తాయి. పిన్ను కొట్టాక చిన్న పట్టకారుతో కాళ్లు చదును చేయాలి. నాణేన్ని బయటికి తీయాలన్నా ముందు పిన్నులు పీకాలి. హోల్డర్‌ని చింపి లాగితే ఆ పిన్నే రూపాయి ముఖం మీద గీత పెడుతుంది.

క్యాప్సూల్ గట్టి అక్రిలిక్‌తోనో పాలిస్టైరీన్‌తోనో చేస్తారు. రెండూ నాణేనికి హాని చేయవు. వేలిముద్ర పడదు, కింద పడినా నాణెం భద్రం. కానీ కొలత తప్పితే దండగ. వదులైతే నాణెం లోపల గిలకలా ఆడి అంచులు అరుగుతాయి, బిగుతైతే బయటికి రాదు. బ్రిటిష్ రూపాయి వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు, చిల్లుకానీ సుమారు 21. వెర్నియర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి. ఇంకో మాట: క్యాప్సూల్ మూత ఎంత బిగుతైతే, లోపల చిక్కుకున్న తేమ అంత బిగుతుగా లోపలే ఉంటుంది. ముసురు పట్టిన రోజున నాణేలు సర్దడం మొదలెట్టకండి. సంక్రాంతి రోజుల్లో గాలి కాస్త పొడిగా ఉంటుంది, ఆ పని అప్పుడు పెట్టుకోండి.

కాగితం కవర్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆమ్లం లేని కాగితమైతే సరే, ఖాకీ కవరు, న్యూస్‌పేపరు మాత్రం వద్దు. రబ్బరు బ్యాండు అసలే వద్దు. దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, కట్టినచోట చార పడిపోతుంది.

పెట్టె సంగతి కొంచెం చూడాలి. తాతలనాటి చెక్క పెట్టె మీద మనకి మమకారం ఉంటుంది. కానీ చెక్క, అందులోనూ ప్లైవుడ్, ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. సీసం నాణేలకు అది మరీ చెరుపు. స్టీలు డబ్బా నయం. కలరా ఉండలు వేసిన బీరువా అరలో మాత్రం నాణేలు పెట్టకండి, వాటి ఆవిరి పాలిస్టైరీన్ క్యాప్సూల్‌ని మెత్తబరచగలదు.

డబ్బాలో సిలికా జెల్ సంచి తప్పనిసరి. ఏసీనో డీహ్యుమిడిఫయరో నమ్ముకోవడం మన జిల్లాల్లో కుదరని పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో ఎవరూ మర్చిపోలేదు. సిలికా జెల్‌కి కరెంటు అక్కర్లేదు. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే తేమతో నిండినట్టు. సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దాన్ని వంటగిన్నెల్లో వేడి చేయకూడదు.

దాచేముందు తోమాలా? మా వీధిలో ఒక పెద్దావిడ నా రాగి కానీలు చూసి, "ఏటి బాబూ, ఇంత చింతపండెట్టి తోమితే తళతళలాడవా?" అన్నారు. "ఆడతాయి పిన్నీ, కొనేవాడే ఆగడు" అన్నాను. చింతపండు పులుపు గీతల సందుల్లో మిగిలిపోయి, హోల్డర్‌లో పెట్టాక కూడా పని చేస్తూనే ఉంటుంది. కాలంతో వచ్చిన ఆ గోధుమరంగు పొరే రాగికి రక్ష.

ఇరవై క్యాప్సూళ్లకే డబ్బుంటే వేటికి పెట్టాలి? 1939 వరకు వచ్చిన రూపాయలకు. వాటిలో 91.7 శాతం వెండి. 1940–45 రూపాయల్లో సగమే వెండి, వాటిలో గీతల్లేకుండా మిగిలినవాటికి రెండో వరుస. 1947 నికెల్ రూపాయికి అట్ట హోల్డర్ చాలు. 1964లో వచ్చిన ఆరు పలకల మూడు పైసల అల్యూమినియం నాణెం చూడటానికి చవకే గానీ వేలిగోరు తగిలినా గీత పడేంత మెత్తన. కొత్తదిలా మెరిసేది దొరికితే దానికీ ఒక క్యాప్సూల్ ఇచ్చేస్తాను, నవ్వేవాళ్లు నవ్వనీ.

ముఖలింగం రాజధానిగా ఏలిన తూర్పు గంగుల బంగారు ఫణాలు అనే చిన్న నాణేలు ఎవరిదగ్గరైనా ఉంటే, వాటికి తుప్పు భయం లేదు, పారేసుకునే భయమే. గ్రాము బరువైనా ఉండవు. లోపల రింగు ఉన్న క్యాప్సూల్ కొనండి. అలాంటివి పొలంలో దుక్కిలో బయటపడితే మాత్రం క్యాప్సూల్ కంటే ముందు కలెక్టరు గుర్తుకు రావాలి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా దొరికితే తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది.