జలాంతర్గాముల వేటకు ఏది మేలు: మార్చిన యాటా, కొత్త చేజరా?

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగేసరికి గస్తీకి సరిపడా చిన్న ఓడలు నౌకాదళం దగ్గర లేవు. ఉన్న దారులు రెండు: సంపన్నుల ఆవిరి యాట్లను, అంటే విహార నౌకలను, తీసుకుని గన్లు బిగించడం, లేదా జలాంతర్గాముల్ని వేటాడే 110 అడుగుల చెక్క పడవలను, అంటే సబ్‌మెరీన్ చేజర్లను, కొత్తగా కట్టడం. రెండూ చేశారు.

సముద్రం దాటి కాన్వాయ్ వెంట నడవాలంటే పెద్ద ఉక్కు యాటే మేలు. బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌కు చెందిన 304 అడుగుల యాట్ కోర్సేర్ ఆ జూన్‌లోనే తొలి సైనిక కాన్వాయ్‌తో బయలుదేరింది. యూరప్‌లో చేజర్లు అక్కరకొచ్చింది 1918లోనే.

అయితే యాట్ విలాసానికి కట్టింది. గన్ పెట్టేచోట డెక్ కింద అదనపు దూలాలు, నిలువు దన్నులు వేయకపోతే పేల్చినప్పుడల్లా డెక్ పలకలు సడలిపోతాయి. పైన బరువు పెరిగేకొద్దీ ఓడ ఎక్కువ ఒరుగుతుంది, కాబట్టి పైభాగంలో అక్కర్లేనివన్నీ దించేయాలి. ఎంత చేసినా టార్పెడోకు ఆగదు. 1917 నవంబర్ 5న జర్మన్ జలాంతర్గామి యూసీ-71 దెబ్బకు ఆల్సెడో అనే యాట్ ఎనిమిది నిమిషాల్లో మునిగింది, 21 మంది పోయారు.

అసలు తంటా డెప్త్ చార్జ్‌తో, అంటే నీటిలో వేస్తే సెట్ చేసిన లోతులో పేలే బాంబుతో. అది సెకనుకు సుమారు రెండు మీటర్లు దిగుతుంది. 15 మీటర్ల లోతుకు సెట్ చేస్తే ఏడెనిమిది సెకన్లలో పేలుతుంది. ఆ లోపు ఓడ దూరం జరగకపోతే దెబ్బ తనకే తగులుతుంది. 10 నాట్ల యాట్ వెళ్లేది నలభై మీటర్లు కూడా ఉండదు. 18 నాట్ల చేజర్ అరవై దాటుతుంది. 1918 మే 21న జలాంతర్గామి దగ్గర వేసిన చార్జ్ పేలుడుకు క్రిస్టబెల్ అనే యాట్ అదిరిపోయి, పేలడానికి సిద్ధం చేసిన చార్జ్‌లు డెక్ మీద చెల్లాచెదురయ్యాయి. ఎన్‌సైన్ (నౌకాదళంలో చిన్న అధికారి) సల్లివన్ వాటి మీద పడి ఒడిసిపట్టి కట్టేశాడు, అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ పొందాడు. మార్చిన ఓడలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ చార్జ్‌ల కట్లే.

చేజర్‌లో భయం పెట్రోల్. 220 హార్స్‌పవర్ ఇంజిన్లు మూడు. పెట్రోల్ ఆవిరి ఓడ అడుగున పేరుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు, గాలి బాగా ఆడించాకే స్టార్ట్ చేయాలి. పైగా కెరటాల్లో విపరీతంగా ఊగుతుంది.

కానీ వేటకు నా ఓటు చేజర్‌కే. మూడు చేజర్లు వరసగా నిలిచి, ఇంజిన్లు ఆపి, నీటిలోని చప్పుళ్లు వినే హైడ్రోఫోన్‌తో వింటాయి. ఒక్కోటీ చప్పుడు వచ్చే దిక్కు చెబుతుంది. ఆ గీతలు కలిసేచోట జలాంతర్గామి ఉన్నట్టు లెక్క. ఆవిరి యాట్‌లో ఇంజిన్ ఆపినా పంపుల చప్పుడు ఆగదు. గ్రీకు దీవి కోర్ఫు కేంద్రంగా, ఇటలీ, అల్బేనియాల మధ్య ఉన్న ఒట్రాంటో జలసంధిలో చేజర్లను దించింది ఈ పనికే.